తెర మీది గీత: మూలమా, వ్యాఖ్యానమా?

మన భాషలో ఆటను గురించి రేడియోలోనో టెలివిజన్‌లోనో మాట్లాడేవాణ్ణి వ్యాఖ్యాత అంటాం. కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మల్లినాథసూరినీ వ్యాఖ్యాత అనే అంటాం. ఒకే మాట ఈ రెండు పనులకూ ఎలా సరిపోయిందని ఎవరూ పెద్దగా ఆలోచించినట్టు లేదు. ఆలోచించి చూస్తే, ఆ మాట పెట్టినవారు తెలిసో తెలియకో సరైన మాటే పెట్టారని తోస్తుంది. ముందు మూలం ఒకటి ఉంటుంది. అది అందరి కళ్ళ ముందూ ఉంటుంది గాని అందరికీ అర్థం కాదు. దాన్ని విడదీసి, అన్వయం కుదిర్చి, తాత్పర్యం చెప్పేవాడు వ్యాఖ్యాత. కావ్యానికి శ్లోకం ఎలా మూలమో, క్రికెట్టుకు బౌలరు వేసిన బంతి, బ్యాట్స్‌మన్ ఆడిన దెబ్బ అలా మూలం.

మెదకు సీమలోని కొలచాలానికి చెందిన మల్లినాథుడు దాదాపు 600 ఏళ్ళ కిందట తన పనికి రెండు నియమాలు పెట్టుకొన్నాడు. మూలంలో ఆధారం లేనిదేదీ రాయకూడదన్నది ఒకటి. అవసరం లేనిదేదీ చేర్చకూడదన్నది రెండవది. ఆటను తెర మీద నిలిపి, దాని మీద గీతలూ బాణాలూ వృత్తాలూ గీసి వివరించే నేటి పద్ధతిని ఈ రెండు నియమాలతో పరీక్షించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పుస్తకాలనూ నాటకాలనూ సమీక్షించవలసిన పత్రికలో ఈ గొడవ ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. మన ఇళ్ళలో ఏడాదికి ఒక తెలుగు నాటకం చూసేవారు తక్కువ. నెలకు ఒక మ్యాచి చూడనివారు అంతకంటె తక్కువ. మన పిల్లలు రోజూ వినే వ్యాఖ్యానం పురాణ కాలక్షేపం కాదు, ఆట వ్యాఖ్యానం. ఒక దృశ్యాన్ని ఎలా చూడాలో, ఏది కారణమో, ఏది ఫలితమో వారికి నేర్పుతున్నది అదే. అటువంటిదాన్ని విమర్శ లేకుండా వదిలిపెట్టడం మంచిది కాదు.

గీత పుట్టుక

గీత గీసి ఆటను చెప్పడం టెలివిజన్‌తో పుట్టిన విద్య కాదు. 1905 నుంచి అర్ధ శతాబ్దం పాటు ఎన్నో జట్ల వెంట స్కోరరుగా దేశాలు తిరిగిన ఆస్ట్రేలియావాసి బిల్ ఫెర్గూసన్, బ్యాట్స్‌మన్ కొట్టిన దెబ్బలు మైదానంలో ఏయే దిక్కులకు పోయాయో కాగితం మీద గీతలుగా గీసి ఉంచేవాడు. నేడు తెర మీద రంగురంగులుగా విచ్చుకొనే బండిచక్రం బొమ్మకు ఆ కాగితమే తాత. ఒక ఇన్నింగ్సు అంతా, గంటల తరబడి సాగినది, ఒక్క చూపులో కళ్ళకు కడుతుంది. అందులో పెన్సిలు తప్ప యంత్రమేమీ లేదు.

కదిలే బొమ్మ మీద, లక్షలమంది చూస్తూ ఉండగా, అప్పటికప్పుడు చేతితో గీసే పరికరం మాత్రం అమెరికాలోని షికాగోలో పుట్టింది. 1960ల చివర లెనార్డ్ రైఫెల్ అనే భౌతిక శాస్త్రవేత్త దాన్ని తయారుచేశాడు. టెలివిజన్‌లో సైన్సు సంగతులు చెప్పినవాడాయన. పాఠం చెప్పేవాడికి నల్లబల్ల కావాలి గదా! దానికి పెట్టిన పేరు టెలిస్ట్రేటర్. కిటుకు సులువైనదే. కింద ఆట బొమ్మ ఉంటుంది. వ్యాఖ్యాత తన ముందున్న పలక మీద కలం కదిపితే, ఆ కలం ఎక్కడుందో పరికరం విద్యుత్ సంకేతంగా మార్చుతుంది. ఆ సంకేతం గీతగా మారి ఆట బొమ్మ మీద పడుతుంది. రెండూ కలిసి ఒకే చిత్రంగా మన ఇంటికి వస్తాయి. మొదట వాతావరణం చెప్పేవారు మేఘాలనూ గాలులనూ చూపడానికి దీన్ని వాడారు.

దీనికి పేరు తెచ్చినవాడు జాన్ మాడెన్. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఓక్లాండ్ రైడర్స్ జట్టుకు శిక్షకుడుగా ఉండి, తరవాత వ్యాఖ్యాత అయిన మనిషి. 1982 జనవరిలో జరిగిన సూపర్ బౌల్ పోటీని సీబీఎస్ సంస్థ ప్రసారం చేసినప్పుడు ఆయన ఈ కలం పట్టుకొన్నాడు. ఆ ఆటలో 22 మంది ఒక్కసారిగా ఒకరి మీద ఒకరు పడతారు. కొన్ని క్షణాలలో అంతా ముగుస్తుంది. మామూలు ప్రేక్షకుడి కన్ను బంతి వెంటనే పోతుంది. కాని బంతి పట్టుకొన్నవాడికి దారి దొరికింది వేరొకచోట మరొకడు అడ్డు నిలిచి ఎదుటివాణ్ణి తోసినందువల్ల. మాడెన్ ఆ అడ్డు నిలిచినవాడి చుట్టూ ఒక వంకర వృత్తం గీసి, ఒక బాణం వేసి, ఇదిగో ఇక్కడ చూడండి అన్నాడు. కన్ను పోని చోటికి కన్నును తీసికొనిపోయాడు. వ్యాఖ్యానం అంటే అదే.

ఆ గీత వంకరగా ఉండడం కూడా ఒక గుణమే అని నా అభిప్రాయం. అది మనిషి చేతి గీత అని చూసిన ప్రతివాడికీ తెలుస్తుంది. నచ్చితే ఒప్పుకోవచ్చు, నచ్చకపోతే కాదనవచ్చు. మూలం వేరు, టీక వేరు అన్న సంగతి ఆ వంకరలోనే ఉన్నది.

1998 సెప్టెంబరులో అదే అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసారంలో మరొక గీత వచ్చింది. జట్టు ఎంత దూరం ముందుకు పోవాలో చూపే పసుపుపచ్చని గీత అది. ప్రతి కెమెరా ఎటు తిరిగిందో, ఎంత దగ్గరికి చూస్తున్నదో కంప్యూటరుకు తెలుస్తుంది; మైదానం కొలతలు దానికి ముందే ఎక్కించి ఉంటాయి; గడ్డి రంగు మీదే గీతను పూసి, ఆటగాళ్ళ దుస్తుల రంగును వదిలేస్తుంది. అందువల్ల ఆటగాడి కాలు గీత మీద పడినట్టు, గీత మైదానంలోనే నిజంగా గీసివున్నట్టు కనబడుతుంది. ఇది గొప్ప నేర్పే. ఐతే ఇక్కడే ఒక మార్పు జరిగింది. అంతవరకు బొమ్మ మీద పెట్టిన మాటగా ఉన్న గీత ఇప్పుడు బొమ్మలో భాగమయింది. టీక వచ్చి శ్లోకం మధ్యలో కూర్చున్నది. ఈ మార్పును గుర్తు పెట్టుకొంటే తక్కిన కథ అంతా తేలికగా బోధపడుతుంది.

గీత చేసే మేలు

ముందు మేలు సంగతి చెప్పాలి. దానికి మన డర్బన్‌లోనే, మన కింగ్స్‌మీడ్‌లోనే ఉదాహరణ ఉన్నది.

2019 ఫిబ్రవరి 16న అక్కడ శ్రీలంక జట్టు దక్షిణాఫ్రికా మీద ఒక్క వికెట్టు తేడాతో గెలిచింది. గెలుపుకు 304 పరుగులు కావాలి. 226 దగ్గర 9వ వికెట్టు పడింది. ఇంకా 78 పరుగులు మిగిలివున్నాయి. కుశాల్ పెరేరాకు తోడుగా చివరి ఆటగాడు విశ్వ ఫెర్నాండో వచ్చాడు. ఆ ఇద్దరే ఆ 78 పరుగులూ చేశారు. పెరేరా 153తో నిలిచాడు. ఫెర్నాండో 27 బంతులు ఎదుర్కొని 6 పరుగులు చేశాడు. స్కోరు పుస్తకం ఇంతవరకే చెబుతుంది. పెరేరా వీరుడు, ఫెర్నాండో ఓపికమంతుడు అని మనం చెప్పుకొని ఊరుకొంటాం.

అసలు కథ ఫీల్డర్లు నిలిచిన చోట్లలో ఉన్నది. మామూలుగా తెర మీద మనకు కనబడేది బౌలరు, బ్యాట్స్‌మన్, కీపరు, ఒకరిద్దరు దగ్గరి ఫీల్డర్లు మాత్రమే. తక్కినవారు ఎక్కడున్నారో కెమెరా చూపదు. ఎత్తునుంచి తీసిన బొమ్మను నిలిపి, ప్రతి ఫీల్డరు కాళ్ళ చుట్టూ వృత్తం పెట్టి, ఖాళీగా ఉన్న చోట్లకు రంగు వేస్తే, అప్పుడు కెప్టెన్ చిక్కు అర్థమవుతుంది. పెరేరా ఎదుట ఉన్నప్పుడు ఫీల్డర్లను బౌండరీకి పంపాలి. లేకపోతే ఫోర్లూ సిక్సులూ. పంపితే మధ్యలో ఒక పరుగు తేలికగా దొరుకుతుంది. ఆ ఒక పరుగు పెరేరా తీసికొంటే బలహీనుడైన ఫెర్నాండో ఎదుటికి వస్తాడు. కెప్టెన్ కోరేది అదే. పెరేరా ఆ పరుగును ఓవరు మొదట వద్దంటాడు, ఓవరు చివర కావాలంటాడు. చివరి బంతులకు ఫీల్డర్లు దగ్గరికి రావాలి. వస్తే వాళ్ళ తలల మీదుగా కొట్టడానికి చోటు ఏర్పడుతుంది. ఆ సాయంత్రం ప్రతి ఓవరూ ఈ లెక్క చుట్టూనే తిరిగింది.

మొదటి బంతికి ఫీల్డర్లున్న బొమ్మనూ చివరి బంతికి ఉన్న బొమ్మనూ పక్కపక్కన పెట్టి వృత్తాలు గీసి చూపితే, 10 ఏళ్ళ పిల్లవాడికి కూడా ఈ లెక్క తెలుస్తుంది. మాటలతో చెబితే చాలాసేపు పడుతుంది, అప్పటికి ఎన్నో బంతులు పడిపోతాయి. ఇక్కడ గీత మూలంలో ఉన్నదాన్నే చూపింది, అవసరమైనంతే చూపింది. మల్లినాథుడి రెండు నియమాలూ చెల్లినట్టే.

మంచి విశ్లేషకుడి పద్ధతి మూడు మాటల్లో చెప్పవచ్చు: ఆపడం, గీయడం, వదలడం. ఆపిన బొమ్మ మీద గీత గీసిన తరవాత, ఆ గీతను చెరిపి, అదే బొమ్మను మళ్ళీ కదలనివ్వాలి. అప్పుడు చూసేవాడు తన కళ్ళతో తాను పోల్చి చూసుకొంటాడు. ఈ మూడవ మాటను చాలామంది మరిచిపోతున్నారు. గీసి, గీసి, తెర నిండా బాణాలు నింపి, మళ్ళీ ఆటను చూపకుండానే ప్రకటనలకు వెళ్ళిపోతున్నారు. బండెడు టీక ఉన్నది, శ్లోకం మాత్రం చదవలేదు.

ఆమ్లా బ్యాటు

ఇక గీత దారి తప్పే సందర్భం చూద్దాం. ఇది మన నగరం బిడ్డ కథ. హాషిమ్ ఆమ్లా తెలుగువాడు కాడు. గుజరాతు నుంచి వచ్చిన కుటుంబం అతనిది. మన తాతల మాదిరిగా చెరకు తోటలకు ఒప్పంద పత్రాల మీద వచ్చినవారు కారు. ఐనా డర్బన్‌లో పుట్టి, ఇక్కడి బడిలో చదివి, ఇక్కడి మైదానాలలో ఆడి, దక్షిణాఫ్రికా జట్టులో నిలిచిన భారతీయ సంతతివాడు కాబట్టి, అతని జయాపజయాలు మన ఇళ్ళల్లో సొంత సంగతులుగానే చెప్పుకొన్నాం.

ఆమ్లా 2004లో కలకత్తాలో తన మొదటి టెస్టు ఆడాడు. ఆ వెంటనే ఇంగ్లండుతో జరిగిన సిరీస్‌లో పరుగులు రాలేదు. జట్టులో చోటు పోయింది. అప్పుడు అందరి వేళ్ళూ ఒకే చోట చూపాయి: అతను బ్యాటు ఎత్తే తీరు. పాఠ్యపుస్తకం ప్రకారం బ్యాటు నిటారుగా వెనక్కి, వికెట్ల మీదికి లేవాలి. ఆమ్లా బ్యాటు పక్కకు, గల్లీ ఫీల్డరు వైపు లేస్తుంది. బంతి బౌలరు చేతిలోంచి వెలువడే ముందు క్షణం దగ్గర బొమ్మను నిలిపి, బ్యాటు పొడవునా ఒక గీత, వికెట్ల నుంచి నిటారుగా మరొక గీత గీస్తే, ఆ రెంటి మధ్య కోణం ఎవరికైనా కొట్టవచ్చినట్టు కనబడుతుంది. ఇంత వంకర బ్యాటుతో ఎవడైనా నిలుస్తాడా అనిపిస్తుంది. అటువంటి బొమ్మ చూసిన తరవాత తీర్పు ఒక్కటే వస్తుంది.

ఆ గీతలో అబద్ధమేమీ లేదు. బ్యాటు నిజంగా గల్లీ వైపే ఉన్నది. పొరపాటు గీతలో కాదు, బొమ్మను ఎక్కడ ఆపారన్న దానిలో ఉన్నది. బ్యాటు పైకి లేచిన చోటు మూలంలో ఒక అక్షరం మాత్రమే. అక్కడినుంచి అది ఒక చుట్టు తిరిగి కిందికి దిగి, బంతిని తాకే వేళకు నిటారుగా వస్తుంది. బంతిని కొట్టేది పైనున్న బ్యాటు కాదు, కిందికి వచ్చిన బ్యాటు. తాకే క్షణం దగ్గర బొమ్మను నిలిపి అవే గీతలు గీస్తే, కోణం మాయమయ్యేది. ఒక సమాసంలో మొదటి పదం పట్టుకొని అర్థం చెప్పి, విగ్రహవాక్యం వదిలేసినట్టయింది.

2006 ఏప్రిల్‌లో ఆమ్లా తిరిగి వచ్చి కేప్‌టౌన్‌లో న్యూజీలాండు మీద 149 పరుగులు చేశాడు. 2012 జులైలో లండనులోని ఓవల్ మైదానంలో 311 పరుగులు చేసి చివరి దాకా నిలిచాడు. దక్షిణాఫ్రికా తరఫున టెస్టులో 300 దాటిన మొదటి మనిషి అతనే. 2019లో అంతర్జాతీయ ఆట విరమించే నాటికి 124 టెస్టులలో 9,282 పరుగులు, 28 శతకాలు. బ్యాటు మాత్రం చివరి దాకా పక్కకే లేచింది.

ఇది ఆమ్లా ఒక్కడి విశేషమూ కాదు. బ్రాడ్మన్ బ్యాటు కూడా స్లిప్పుల వైపే లేచేది. ఈ దేశంలోనే హబీబ్ నూర్భాయి, టిమ్ నోక్స్ అనే పరిశోధకులు పేరున్న బ్యాట్స్‌మన్ల చిత్రాలను పరిశీలించి, వారిలో ఎక్కువమంది పుస్తకంలో చెప్పినట్టు నిటారుగా బ్యాటు ఎత్తినవారు కారని చూపారు. అంటే తెర మీది రెండవ గీత, ఆ నిటారు గీత, ఆట నుంచి వచ్చినది కాదు. పుస్తకం నుంచి వచ్చినది. ఆటగాడి బ్యాటు గీత మూలంలో ఉన్నది. పక్కన గీసిన ఆదర్శ గీతకు మూలంలో ఆధారం లేదు. రెండూ ఒకే రంగులో, ఒకే లావున గీస్తే చూసేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది?

యంత్రం గీసే గీత

మనిషి గీసే గీత తరవాత యంత్రం గీసే గీత. తెర తీర్పరి కావడం కూడా మన ఊళ్ళోనే మొదలయింది. 1992 నవంబరులో భారత జట్టు మొట్టమొదటిసారి దక్షిణాఫ్రికా గడ్డ మీద టెస్టు ఆడింది. కింగ్స్‌మీడ్‌లో, ఆట రెండవ రోజున, నవంబరు 14న, జాంటీ రోడ్స్ విసిరిన బంతితో ఆండ్రూ హడ్సన్ వికెట్లు కూల్చాడు. సచిన్ తెండూల్కర్ గీత లోపలికి చేరాడా లేదా అన్నది అంపైరు సిరిల్ మిచ్లీకి తేలలేదు. ఆయన చేతులతో టెలివిజన్ పెట్టె ఆకారం గీసి చూపాడు. పైన కూర్చున్న కార్ల్ లీబెన్‌బర్గ్ రీప్లే చూసి అవుటన్నాడు. టెస్టు క్రికెట్టులో టెలివిజన్ బొమ్మను చూసి ఇచ్చిన మొదటి తీర్పు అది. ఆ రోజు బొమ్మ జరిగినదాన్నే చూపింది. నేల మీద సున్నపు గీత, దాని పక్కన బ్యాటు; కొత్తగా ఎవరూ ఏమీ గీయలేదు.

2001లో ఇంగ్లండులో పాల్ హాకిన్స్ అనే ఇంజనీరు తయారుచేసిన హాక్‌ఐ వచ్చింది. మైదానం చుట్టూ పెట్టిన అనేక కెమెరాలు బంతిని పలు కోణాల నుంచి చూస్తాయి. ఆ చూపులన్నీ కలిపి బంతి ఏ క్షణంలో ఎక్కడున్నదో కంప్యూటరు లెక్క కడుతుంది. అంతవరకు అది కొలత. కాళ్ళకు బంతి తగిలి ఆగిపోయిన తరవాత, అది ఆగకుండా ఉంటే ఎటు పోయేదో అదే లెక్కను ముందుకు సాగదీస్తుంది. అది ఊహ. గట్టి లెక్క మీద నిలిచిన ఊహే, కాదనను. మనిషి కన్ను కంటె చాలాసార్లు మేలైన ఊహ కూడా. కాని జరిగినదాన్నీ జరగనిదాన్నీ తెర మీద ఒకే నున్నటి దారిగా, ఎక్కడా అతుకు కనబడకుండా గీస్తున్నారు. నా ఆక్షేపణ ఆ అతుకు దాచడం మీద.

ఈ పద్ధతిలో సందేహాన్ని ఒప్పుకొనే చోటు ఒకటి ఉన్నది. బంతిలో సగం కంటె తక్కువ భాగమే వికెట్లను తాకుతుందని లెక్క చెబితే, యంత్రం తన మాట నెగ్గించుకోదు. అంపైరు మొదట ఇచ్చిన తీర్పే నిలుస్తుంది. యంత్రంలో ఉన్న నిజాయితీ అంతా ఆ నియమంలోనే ఉన్నది. విచిత్రమేమంటే ప్రేక్షకులు ఎక్కువగా విసుక్కొనేది దాని మీదే. తాకినప్పుడు అవుటే గదా, ఈ నానుడు ఎందుకని అడుగుతారు. గీత అంత నిక్కచ్చిగా కనబడుతుంటే సందేహం ఉందంటే ఎవరు నమ్ముతారు? తప్పు ప్రేక్షకులది కాదు, గీసిన తీరుది.

2022 జనవరి 13న కేప్‌టౌన్‌లో జరిగింది మీలో చాలామంది చూసేవుంటారు. 212 పరుగుల లక్ష్యం. భారత బౌలరు అశ్విన్ వేసిన బంతి దక్షిణాఫ్రికా కెప్టెన్ డీన్ ఎల్గర్ కాలికి తగిలింది. అంపైరు మరే ఎరాస్మస్ అవుటిచ్చాడు. ఎల్గర్ తెరను ఆశ్రయించాడు. తెర మీది గీత బంతిని వికెట్ల పైనుంచి పోనిచ్చింది. ఇది జరిగే పని కాదన్నట్టు అంపైరే తల అడ్డంగా ఊపాడు. భారత ఆటగాళ్ళు, కెప్టెన్ విరాట్ కోహ్లీతో సహా, వికెట్ల దగ్గరి మైకులోకి వంగి ప్రసార సంస్థను నిష్ఠూరమాడారు. మరునాడు దక్షిణాఫ్రికా 7 వికెట్ల తేడాతో గెలిచి, సిరీస్‌ను 2-1తో దక్కించుకొన్నది.

గీత సరైనదా కాదా అన్నది నేను తేల్చబోవడం లేదు. న్యూలాండ్స్ పిచ్ మీద బంతి పైకి లేచే గుణం ఉన్నది. యంత్రం ఆ లేచిన తీరును లెక్కలోకి తీసికొన్నదనడానికి ఆస్కారం ఉన్నది. నాకు ముఖ్యమనిపించింది వేరు. ఆటగాళ్ళ కోపం ప్రసార సంస్థ మీదికి పోయింది. కాని బంతి దారి గీసేది వ్యాఖ్యాతలు కారు, ఆ పనికే ప్రత్యేకంగా ఉన్న యంత్రాంగం. మాడెన్ వంకర గీత గీసినప్పుడు ఎవరు గీశారో అందరికీ తెలుసు. ఈ నున్నటి గీతకు కర్త కనబడడు. కర్త కనబడని వాక్యం మీద కోపం వస్తే, ఎదురుగా కనబడినవాడి మీదికి పోతుంది. ఆ రాత్రి మన ఇళ్ళలో కూడా ఇదే జరిగింది. భారత జట్టును పుట్టింటి జట్టుగా చూసుకొనే పెద్దలు మోసమన్నారు. దక్షిణాఫ్రికా చొక్కా తొడుక్కొన్న పిల్లలు యంత్రం అబద్ధమాడదన్నారు. రెండు వర్గాలూ ఆ గీతను సాక్ష్యమనే అనుకొన్నాయి. ఒకరికి దొంగ సాక్ష్యం, మరొకరికి సత్య సాక్ష్యం. అది ఒక వ్యాఖ్య, దాన్ని తూచి చూడాలి అన్నవారు తక్కువ.

మన సంగతి

ఈ దేశంలో టెలివిజన్ 1976 జనవరి 5న మొదలయింది. ప్రపంచంలో ఎన్నో బీద దేశాలకు అప్పటికే ఉన్నది; ఇక్కడి ప్రభుత్వమే దాన్ని రానివ్వలేదు. అంతకు ముందు 1970 దాకా దక్షిణాఫ్రికా పేరుతో టెస్టులు ఆడినది తెల్లవారి జట్టు. మన తాతలు, తండ్రులు కరీస్ ఫౌంటెన్ వంటి మైదానాలలో తమ ఆట తాము ఆడుకొన్నారు. వారిలో ఎంత మంచి ఆటగాళ్ళున్నారో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. కాని ఆ ఆటకు కెమెరా లేదు, రీప్లే లేదు. స్కోరు పుస్తకాలు, పత్రికల కత్తిరింపులు, కొన్ని ఛాయాచిత్రాలు మిగిలాయి. మూలమే పోయినచోట వ్యాఖ్య ఎక్కడినుంచి వస్తుంది? ఇంటి అటకల మీద చెదలు పడుతున్న స్కోరు పుస్తకాలుంటే దయచేసి పారవేయకండి. ఫెర్గూసన్ చేసింది పెన్సిలుతోనే. ఏ బంతికి ఎన్ని పరుగులో రాసివున్న పుస్తకం నుంచి ఆ ఇన్నింగ్సు నడకను నేటికీ తిరిగి గీయవచ్చు.

ఇక పిల్లల సంగతి. చాట్స్‌వర్త్, ఫీనిక్స్ వీధుల్లో, ఇరుకు సందుల్లో, గోడకు ఆనుకొని ఆడే కుర్రవాళ్ళు ఆ చోటుకు తగ్గట్టు ఆట నేర్చుకొంటారు. ఎడమవైపు గోడ ఉంటే బ్యాటు కుడివైపు తిరుగుతుంది. వెనక మెట్లుంటే వెనక్కి లేవదు. ఆ కుర్రవాణ్ణి నెట్స్‌కు తీసికొనిపోయినప్పుడు, శిక్షకుడు సెల్‌ఫోనులో వాడి బొమ్మ తీసి, ఆపి, వేలితో గీత గీసి, ఇదిగో నీ తప్పు అని చూపుతున్నాడు. టెలివిజన్ విశ్లేషకుడి చేతిలో ఉన్న కలం ఇప్పుడు ప్రతివాడి వేలి కొనకూ వచ్చింది. వాడి బ్యాటు ఏ క్షణంలో ఆపారో, ఏ గీత పక్కన పెట్టి కొలిచారో అడిగే పెద్దవాడు పక్కన లేకపోతే, 12 ఏళ్ళకే ఒక ఆట ముగిసిపోతుంది. ఆమ్లా నిలిచాడు. నిలవలేక పోయినవారెందరో మనకు తెలియదు. వారి పరుగులు ఏ పుస్తకంలోనూ లేవు.

అంచేత గీత వద్దని నేననడం లేదు. ఆటను అర్థం చేసుకోవడానికి ఇంత మంచి సాధనం ఇంతకు ముందు లేదు. గీసేవారిని మూడు కోరదగిన సంగతులున్నాయి. గీసిన తరవాత చెరిపి, బొమ్మను కదలనివ్వాలి. జరిగిన దారిని ఒక తీరున, జరిగివుండేదని లెక్క కట్టిన దారిని మరొక తీరున, పోను పోను వెడల్పయ్యే పట్టీగా గీయాలి. సందేహం కంటికి కనబడాలి. ఆదర్శమని పక్కన గీసే గీత ఎక్కడిదో, ఎవరి పుస్తకంలోదో చెప్పాలి.

చూసేవారు చేయదగిన పని ఒకటున్నది. విశ్లేషకుడు బొమ్మను ఆపిన వెంటనే, గీత పడకముందే, మీ ఇంటి పిల్లవాణ్ణి అడగండి: ఇక్కడ ఏం జరుగుతున్నదిరా? వాడు ఏదో ఒకటి చెబుతాడు. తరవాత గీత పడుతుంది. వాడు చెప్పినదానికీ గీతకూ తేడా ఉంటే, ఎందుకో ఇద్దరూ కలిసి మాట్లాడుకోండి. తెలుగులోనే మాట్లాడుకోండి, ఆటకు సరిపడిన మాటలు మన భాషలో తక్కువేమీ లేవు. మన ఇంట్లో ఒక వ్యాఖ్యాత తయారవుతాడు.